దేవమాలి కింద ఎండ్రకాయ నడక

సాలూరు దాటగానే ఘాట్ మొదలవుతుంది. 26వ నంబరు జాతీయ రహదారి అక్కడ కొండెక్కి, సుంకి దగ్గర ఒడిశాలో అడుగుపెడుతుంది. ఆ మలుపుల్లో లారీల వెనక రెండో గేరులో పాకుతూ కూడా నేను తెగ మురిసిపోతున్నాను. బండి వెనకభాగం కొత్తగా, ఎత్తుగా నిలబడింది మరి.

నాది 2011 మోడల్ బొలెరో క్యాంపర్. రెండు వరసల సీట్లు, వెనక చిన్న తొట్టి, 2523 సీసీ డీజిల్ ఇంజను, అన్నిటికీ మించి ఫోర్ వీల్ డ్రైవ్. ఒక కాంట్రాక్టరు సిమెంటు బస్తాలు మోయించి మోయించి అమ్మేసిన బండి. వెనక బరువు మోసే కమాన్లు, అంటే ఉక్కు పట్టీలు పేర్చిన స్ప్రింగులు, చదునుగా పడిపోయాయి. సాలూరు లారీల ఊరు కాబట్టి ఆ పనికి అక్కడికే తీసుకెళ్లాను. అరిగిన బుష్షులు మార్చారు, కమాన్లకు మళ్లీ వంపు కొట్టారు. అక్కడితో ఆగితే సరిపోయేది. కొండల్లో తిరిగే బండి కదా అని, చెరో వైపు ఒక పట్టీ అదనంగా వెయ్యమన్నాను.

"ఖాళీగా తిరిగే బండికి ఎందుకండీ?" అన్నాడు షాపాయన. వినలేదు. వేసేశాక, "కొత్త పట్టీ సర్దుకుంటుంది. రెండొందల కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్లీ బిగించుకోండి" అన్నాడు. కమాన్లను యాక్సిల్‌కి, అంటే ఇరుసుకి, కట్టిపట్టేవి ఆ బోల్టులే. తలూపాను. తలూపడానికి ఖర్చేముంది!

మిగతా పనుల్లో నాకు నచ్చినది అన్నిటికన్నా చవకది: యాక్సిల్ మధ్య ఉండే గేర్ల డబ్బా (డిఫరెన్షియల్) గాలి పీల్చే రంధ్రానికి, అంటే బ్రీదర్‌కి, పొడుగు గొట్టం. నడిచి నడిచి వేడెక్కిన యాక్సిల్ చల్లటి వాగు నీళ్లలోకి దిగితే లోపలి గాలి కుంచించుకుపోయి నీళ్లను పీల్చేస్తుంది. ఆయిల్ టీ రంగులోకి మారాక తెలుస్తుంది మనకి. ఆ గొట్టాన్ని తొట్టి పైదాకా తెచ్చి కట్టేస్తే ఆ బాధ లేదు. ముందు బుల్ బార్, అదే బంపరు మీది ఇనప కడ్డీల చట్రం, పెట్టిద్దామని మా బావమరిది సరదా పడ్డాడు గానీ, 2017 డిసెంబరులోనే కేంద్రం వాటిని తీయించమని రాష్ట్రాలకు రాసింది. లాగడానికి రెండు గట్టి కొక్కేలు చాలన్నాను.

పొట్టంగిలో టీ తాగి, సెమిలిగుడ చేరేసరికి పదయింది. నవంబరు కదా, మెట్టల మీద వలిసె పూలు పసుపు ఆరబోసినట్టున్నాయి. దేవమాలి 1,672 మీటర్లు, ఒడిశాలో అంతకన్నా ఎత్తయిన కొండ లేదు. దాని మీదికి ఇప్పుడు మంచి రోడ్డే ఉంది, కార్లు కూడా ఎక్కేస్తున్నాయి. ఆ సంబరానికి ఈ బండి అక్కర్లేదని, కింద ఊళ్లను కలిపే ఎర్రమట్టి దారి పట్టాం. వానలు వెళ్లి ఎన్నాళ్లో కాలేదు, దారికి అడ్డంగా నీళ్లు కోసిన గాళ్లు అలాగే ఉన్నాయి.

మొదటి గాడిలోనే నా కమాన్ల సంగతి తేలిపోయింది. కుడి ముందు చక్రం దిగగానే ఎడమ వెనక చక్రం గాల్లోకి లేచింది. లో గేరులో వేసి తొక్కితే ఆ లేచినదే గిరగిరా తిరుగుతోంది. మామూలు డిఫరెన్షియల్ అంతే, పట్టు లేని చక్రానికే బలం పంపిస్తుంది. రాళ్లు పేర్చి బయటపడ్డాం. అలాంటివి ఇంకో మూడు దాటాం. తొట్టిలో ఉన్నది ఒక డేరా, రెండు నీళ్ల క్యాన్లు. ప్రతి గుంతకీ వెనకభాగం గెంతుతోంది.

అయిదో గాడిలో వెనక నుంచి "ఠంగ్" మంది. స్టీరింగు తిన్నగానే ఉంది, బండి మాత్రం ఎండ్రకాయలా పక్కకి నడుస్తోంది.

"బావా, ఎడమ టైరు వెనక మడ్‌గార్డుకి రాసుకుంటోంది!" అని కిందికి దూకి అరిచాడు మావాడు.

కమాన్ పట్టీలన్నిటినీ కలిపి పట్టే సెంటర్ బోల్టు తెగింది. దాని తల యాక్సిల్ మీది రంధ్రంలో కూర్చుని యాక్సిల్ని కదలనివ్వదు. ఆ తల అక్కడే ఉండిపోయి, యాక్సిల్ వెనక్కి జరిగిపోయింది. యూ బోల్టు నట్టుకి పానా పెడితే చేత్తోనే తిరిగింది. రెండొందల కిలోమీటర్ల మాట అప్పుడు గుర్తొచ్చింది. ఈ నాలుగు రోజుల్లో ఊళ్లోనే రెండొందల అరవై తిరిగాను మరి.

మావాడు ఎవరిదో బైకు మీద సెమిలిగుడ వెళ్లి, గంటన్నరలో ఒక మేస్త్రీని తీసుకొచ్చాడు. పెద్దాయన, వాళ్లది పలాస వైపట, ముప్పయ్యేళ్ల కిందట వచ్చి ఇక్కడే లారీలు బాగుచేస్తున్నాడు. కిందికి దూరి చూసి, నవ్వాడు.

"ఏటి బాబూ, ఎన్ని టన్నులు మొయ్యాలని ఏసినారు ఈ పట్టీలు?"

సమాధానం లేదు నా దగ్గర.

"గాట్లోకి సక్రం దిగాల గదా. మీ కమాను దిగనంటంది. అందుకే బండి గెంతుతంది, బోల్టు తెగినాది."

జాకీ కింద చెక్క వేసి ఛాసిస్ లేపాడు. యూ బోల్టులు తీసి, సీ క్లాంపుతో కట్టను నొక్కిపట్టి, అదనపు పట్టీ లాగేశాడు. కొత్త సెంటర్ బోల్టు బిగించాక, గొలుసుతో యాక్సిల్ని ముందుకి లాగి రంధ్రంలో కూర్చోబెట్టాడు. అడక్కుండానే కుడివైపు పట్టీ కూడా తీసేశాడు. మూడు గంటలు పట్టింది. పక్క పొలంలోని ఆవిడ ఈలోగా మా ముగ్గురికీ రాగి అంబలి పోసింది. దాని పులుపు ఇంకా నాలుక మీదే ఉంది.

వెళ్లేముందు టైర్లలో గాలి 35 నుంచి 25కి దింపాడు. "ఇంకా దింపొద్దు. టైరు రిమ్ము మీద జారితే ట్యూబు వాల్వు తెగిపోద్ది" అన్నాడు.

అదే గాడి, అదే వైపు నుంచి మళ్లీ దిగాను. వెనక చక్రం మెల్లగా కిందికి సాగి, నేలని పట్టుకుంది. బండి దాటేసింది. మావాడు ఫోన్‌లో తీద్దామని ఎదురుగా నిలబడ్డాడు గానీ, చూడ్డానికి అక్కడేమీ జరగలేదు.

మర్నాడు దిగేటప్పుడు ఘాట్ పొడుగునా ఆ రెండు పట్టీలూ తొట్టిలో గలగలలాడుతూనే ఉన్నాయి. సాలూరులో కమాన్ల షాపు ముందు ఆపాను. షాపాయన వాటిని చూశాడు, నన్ను చూశాడు, ఏమీ అనలేదు. పానా తీసుకుని కిందికి దూరాడు. ఎడమవైపు రెండు నట్లు అరచుట్టు తిరిగాయి.