ఈ మధ్య గైడు పక్కన తెరిచి పెట్టుకుంటున్న పుస్తకాలు

గ్రూప్స్‌కు, అంటే పబ్లిక్ సర్వీస్ కమిషన్ పెట్టే ఉద్యోగ పరీక్షలకు, చదివేవాళ్లు ఇద్దరు కలిస్తే ముందుగా వచ్చే ప్రశ్న "ఏ పుస్తకాలు చదువుతున్నారు?" అనేదే. ఈ మధ్య నా జవాబు మారింది. కొత్త గైడ్లు కొనడం మానేశాను. పాలిటీకి (రాజ్యాంగం, పాలన సబ్జెక్టుకు) ఒక్క గైడు ఉంచుకుని, దాని పక్కన రాజ్యాంగం మూలప్రతి తెరిచి పెట్టుకుంటున్నాను.

మొదటి నుంచి చివరి దాకా చదవాలా అని కంగారు పడకండి. గైడులో ఏ అధికరణం వస్తే దాన్ని మూలంలో చూడటం, అంతే. ముఖ్యంగా పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉండే ఫుట్‌నోట్లు. అందరూ దాటేసేది వాటినే, పరీక్షకు పనికొచ్చే సరుకంతా ఉండేదీ అక్కడే.

జాతీయ అత్యవసర పరిస్థితి ఎప్పుడు ప్రకటించవచ్చో చెప్పే 352వ అధికరణం తీసుకోండి. "సాయుధ తిరుగుబాటు" అన్న మాటకు ఒక అంకె తగిలించి ఉంటుంది. కిందికి చూస్తే అక్కడ ఒకప్పుడు "అంతర్గత కల్లోలం" అని ఉండేదనీ, 1978 నాటి 44వ సవరణ దాన్ని మార్చిందనీ తెలుస్తుంది. అదే సవరణతో చేరిన మూడో క్లాజు ప్రకారం, కేబినెట్ నిర్ణయం రాతపూర్వకంగా అందితే తప్ప రాష్ట్రపతి అత్యవసర పరిస్థితిని ప్రకటించకూడదు. రాజ్యాంగంలో "కేబినెట్" అన్న మాట కనిపించేది ఈ అధికరణంలోనే. ఇంత పట్టుదల ఎందుకంటే, 1975 జూన్ 25 రాత్రి రాష్ట్రపతి సంతకం ప్రధాని సలహా మీదే జరిగిపోయింది. కేబినెట్ సమావేశమై ఆమోదించింది మర్నాటి ఉదయం. ఈ కథ తెలిశాక మూడు నాలుగు బిట్లను (ఒక్క మార్కు ప్రశ్నలను) విడివిడిగా బట్టీ పట్టాల్సిన పని లేదు.

ఇదే ఊపులో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ కోసం వేసిన ఫజల్ అలీ కమిషన్ 1955 నాటి నివేదికలో హైదరాబాద్ రాష్ట్రానికి సంబంధించిన భాగం చదివాను. తెలంగాణను విడిగా ఉంచమని కమిషన్ చెప్పిందన్నంత వరకు మనందరికీ తెలుసు. దాని తర్వాతి షరతు దగ్గరే తడబడతాం. 1961 ప్రాంతంలో జరిగే సాధారణ ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో ఒప్పుకుంటే ఆంధ్రతో కలపవచ్చని ఉంది. ఆంధ్ర వైపు వాదనలనూ తెలంగాణ వైపు భయాలనూ కమిషన్ పక్కపక్కనే పెట్టి తూచిన తీరు చూస్తే, మెయిన్స్ వ్యాసం ఎలా నడపాలో కూడా తెలుస్తుంది. నాకు ఏ మోడల్ జవాబూ ఇంతగా నేర్పలేదు.

ఆర్థిక సర్వే మాత్రం పూర్తిగా చదవను. ముఖ్యాంశాలు, పట్టికలు చూసి వదిలేస్తాను. కరెంట్ అఫైర్స్ మాసపత్రికల పాత సంచికలు కుప్పగా ఉంటే ధైర్యంగా ఉంటుందేమో గానీ, వాటిని ఎవరు తిరగేస్తారు?

ఇలా చదవడానికి సమయం పడుతుంది. ప్రిలిమ్స్ నెల రోజుల్లో ఉందంటే ఇప్పుడు మొదలుపెట్టకండి, ఉన్న నోట్సే రివిజన్ చేసుకోండి.

నా వరసలో తర్వాత ఉన్నది 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం. సెక్షన్లు సాఫీగానే సాగుతున్నాయి. తొమ్మిది, పది షెడ్యూళ్లలోని సంస్థల జాబితాల దగ్గరే బండి ఆగింది. వాటిని ఒక పేజీలోకి కుదించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఏవి ఉంచారో ఏవి వదిలేశారో చెప్పండి.