నాలుగు ఊళ్లు, ఒక ఆల్బమ్: ఐదు వారాల పని లెక్క

మైసూరు, ఉదయపూర్, పుదుచ్చేరి, సింగపూర్. భార్యాభర్తలిద్దరూ సెలవుల్లో తిరిగొచ్చిన ఊళ్లలో మళ్లీ మళ్లీ మాటల్లోకి వచ్చే నాలుగింటికి చేత్తో కట్టే ఆల్బమ్ ఇది. ఊరికి 12 పేజీలు, మొత్తం 48 పేజీలు, అంటే 24 ఆకులు. ముడిసరుకు: రెండు ఫోన్లు, ఒక చిన్న కెమెరా, చెప్పుల డబ్బా నిండా టిక్కెట్లు, రసీదులు.

మొదటి వారం: ఏరుకోవడం

ముందు ఫోటోలన్నీ ఒకే ఫోల్డర్‌లోకి చేర్చాలి. ఇక్కడే మొదటి దెబ్బ తగులుతుంది. ఒకరి ఫోన్ నుంచి ఇంకొకరికి వాట్సాప్‌లో పంపుకున్న ఫోటోలు పనికిరావు. మామూలుగా పంపితే పొడుగు వైపు 1600 పిక్సెళ్లకి కుదించుకుపోతుంది, 6 అంగుళాల ప్రింటుకి 300 డీపీఐ (అంగుళానికి పడే చుక్కలు) చొప్పున 1800 కావాలి. పైగా ఫోటో తీసిన తేదీ, సమయం ఎగిరిపోతాయి, పంపిన రోజే పుట్టినరోజు అవుతుంది. అసలు ఫైళ్లు కేబుల్ పెట్టి తీసుకోవాలి, లేదంటే డాక్యుమెంటుగా పంపించుకోవాలి.

రెండో తలనొప్పి గడియారాలు. సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందు. ఫోన్లు వాటంతటవే సరిచేసుకుంటాయి, కెమెరా మాత్రం మన టైములోనే ఉండిపోతుంది. అక్కడి గార్డెన్స్ బై ద బే తోటలో సూపర్‌ట్రీల (చెట్ల ఆకారంలో కట్టిన ఎత్తైన కట్టడాల) వెలుగుల ప్రదర్శన రాత్రి 7.45కి. కెమెరా ఫైల్లో అదే 5.15 అని కనిపిస్తుంది. సాయంత్రం ఐదుంబావుకి కారుచీకటి ఏమిటని అనుమానం వచ్చినప్పుడే పట్టుబడుతుంది. ఫైళ్ల నకలు తీసుకుని, ఆ నకలు మీద ఎగ్జిఫ్‌టూల్ లాంటి ఉచిత ప్రోగ్రాంతో కెమెరా ఫోటోలన్నిటినీ 2 గంటల 30 నిమిషాలు ముందుకు జరిపితే మూడు పరికరాల ఫోటోలూ ఒకే వరసలోకి వస్తాయి. అప్పుడు ఒకే నిమిషంలో ఇద్దరూ చెరో వైపు తిరిగి ఏం తీశారో పక్కపక్కనే కనపడుతుంది. ఆల్బమ్‌లో బాగా కుదిరే జంట పేజీలు ఇలాంటివే: ఒకరు గోపురం తీస్తుంటే ఇంకొకరు చెరుకురసం బండి తీస్తుంటారు.

ఏరడానికి ఒకటే నియమం: ఊరికి 21 ఫోటోలు, మొత్తం 84. అందులో ఇద్దరూ నిలబడి నవ్విన ఫోటోలు మూడుకి మించకూడదు. నవ్వులు ఏ ఊళ్లోనైనా ఒకలాగే ఉంటాయి, గోడలు మారతాయి.

రెండో వారం: చీటీలు

ఫోటోలు ప్రింటుకి ఇవ్వకముందే ఈ పని అయిపోవాలి. పోస్టుకార్డు సైజు కాగితాలు ఊరికి రెండు, మొత్తం ఎనిమిది. ఆవిడ ఒక గదిలో, ఆయన ఒక గదిలో, పది నిమిషాలు, ఫోటోలు చూడకుండా రాయాలి. ప్రశ్నలు ఐదు: ఏం తిన్నాం, ఏం వాసన గుర్తుంది, ఎక్కడ దారి తప్పాం, దేనికి ఎక్కువ డబ్బులు పోశాం, మళ్లీ వెళ్తే మొదట ఎక్కడికి. ఫోటోలు చూసి రాస్తే ఇద్దరి చీటీలూ ఫోటోలో ఉన్నదే చెబుతాయి, అదొక దండగ. ఆయన నీలం సిరా, ఆవిడ మెరూన్. రెండూ పిగ్మెంట్ ఇంకు పెన్నులే, మొన 0.3 మి.మీ. మామూలు జెల్ పెన్ను సిరా తేమకి పాకుతుంది, ఎదుటి పేజీకి అంటుకుంటుంది.

మైసూరు దేవరాజ మార్కెట్ గురించి ఒక చీటీలో మల్లెపూల వాసన, ఇంకో చీటీలో శంకువుల్లా పోసిన కుంకుమ, రంగుపొడుల రాశులు. ఉదయపూర్‌లో పిఛోలా సరస్సు మీద పడవ ఎక్కింది ఒక చీటీలో పొద్దున, ఇంకో చీటీలో సాయంత్రం. ఫోటో సమయం చూస్తే 5.40. అయినా తప్పు చీటీని దిద్దకూడదు, తిరగరాయకూడదు. రెండు చీటీలూ అలాగే అతికించి, కింద పెన్సిల్‌తో "5.40 సా." అని సమయం మాత్రం వేస్తే చాలు. ఎవరిది సరైనదో తేల్చడం మొదలుపెడితే ఆ ఆల్బమ్ పూర్తవ్వదు, ఆ పూట భోజనం కూడా సవ్యంగా జరగదు.

మూడో వారం: ప్రింట్లు

ఫోన్ ఫోటో నిష్పత్తి 4:3. ల్యాబ్‌లో దొరికే 4×6 కాగితం నిష్పత్తి 3:2. ల్యాబ్ వాళ్లు నిండా పరిచేస్తే ఎత్తులో తొమ్మిదో వంతు తెగిపోతుంది. అంటే తలకాయలో, గోపుర శిఖరాలో. "ఫిల్ వద్దు, ఫిట్ చేయండి" అని ముందే చెప్పాలి. అప్పుడు బొమ్మ 4×5.33 అంగుళాలు వస్తుంది, పక్కన మొత్తం 17 మి.మీ. తెల్ల అంచు మిగులుతుంది. చాలామంది దాన్ని కత్తిరించి పారేస్తారు. అంచంతా ఒకే వైపుకి వచ్చేలా ఫైలు తయారుచేసి ఇస్తే తేదీ, వీధి పేరు రాసుకోవడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. మ్యాట్ ప్రింటు అడగాలి. తేమ ఊళ్లలో గ్లాసీ ప్రింట్లు ఎదురెదురుగా ఉంటే ఒకదానికొకటి అంటుకుని, విడదీస్తే పొర లేచిపోతుంది. కాకినాడ, విశాఖ వైపు ఇళ్లలో ఇది మరీ ఎక్కువ.

"ఆటో కరెక్షన్ వద్దు" అని కూడా చెప్పాలి. మైసూరు రాజభవనం దీపాల ఫోటోలో బంగారు పసుపుని ఆ యంత్రం తప్పు అనుకుని తెల్లగా దిద్దేస్తుంది. ఉదయపూర్‌ది దానికి తిరగేసిన గొడవ: తెల్ల సున్నపు గోడలన్నీ ఫోన్ లెక్కకి బూడిద రంగులో వస్తాయి, కొంచెం వెలుగు పెంచి ఇవ్వాలి. ఫోన్ తెర వెలుతురు సగానికి తగ్గించి చూస్తే ప్రింటు ఎంత ముదురుగా వస్తుందో సుమారుగా తెలుస్తుంది. ఒక్కో ఊరికి రెండేసి ఫోటోలు ముందు ప్రింటు తీయించి, పగటి వెలుగులో చూసుకుని, తర్వాతే మిగతావి ఇవ్వాలి.

ఏ ఫోటో ఏ పేజీలో నిలబడుతుందో వెలుగు చెబుతుంది. 1912లో పూర్తయిన మైసూరు భవనానికి ఆదివారాలు, ప్రభుత్వ సెలవు రోజుల్లో సాయంత్రం 7 గంటలకి దాదాపు లక్ష బల్బులు వెలిగిస్తారు. జూన్‌లో అక్కడ పొద్దు గుంకేది 6.50 ప్రాంతంలో, కాబట్టి 7కి ఆకాశం ఇంకా ముదురు నీలంగా ఉంటుంది, భవనం దాని మీద అచ్చు గుద్దినట్టు నిలుస్తుంది. డిసెంబరులో ఆరింటికే పొద్దు పోతుంది, ఏడింటికి వెనక నలుపు తప్ప ఏమీ ఉండదు. నల్ల ఆకాశం ప్రింటులో పెద్ద మచ్చలా ఉంటుంది. అలాంటి ఫోటోని పైన సగం కోసేసి, పట్టీలా వెడల్పుగా వాడితే బాగుంటుంది. ఉదయపూర్ సిటీ ప్యాలెస్ సరస్సుకి తూర్పు ఒడ్డున ఉంది, ఎదుటి ఒడ్డు అంబ్రాయి ఘాట్ నుంచి సాయంత్రం తీసినవి బంగారంలా ఉంటాయి, పొద్దున తీసినవి నీడబొమ్మలు. పుదుచ్చేరి సముద్రం తూర్పున, అక్కడ ఉదయమే పని.

టిక్కెట్ల సంగతి

ఎక్కువ జాగ్రత్త కావలసింది వీటికే. రైల్వే కౌంటర్‌లో ఇచ్చే రిజర్వేషన్ టిక్కెట్టు రిబ్బన్ సిరాతో కొట్టింది, చాలా ఏళ్లు నిలుస్తుంది. కండక్టరు చేతి మిషన్లోంచి వచ్చే బస్సు టిక్కెట్టు, హోటల్ బిల్లు, యంత్రం నుంచి తీసుకునే జనరల్ టిక్కెట్టు థర్మల్ కాగితం. దాని మీద సిరా ఉండదు, వేడికి నల్లబడే రసాయన పూత ఉంటుంది. వెలుతురు, చేతి నూనె, జిగురు, మెత్తటి పీవీసీ కవరు, వీటిలో ఏది తగిలినా అక్షరాలు వెలిసిపోతాయి. లామినేషన్ చేయిస్తే కాపాడుకున్నట్టే అనుకోవడం పెద్ద పొరపాటు. ఆ వేడికి టిక్కెట్టు మొత్తం నల్లబడి బొగ్గు ముక్కలా బయటికి వస్తుంది.

చేయవలసింది: ఇంటికి రాగానే 600 డీపీఐలో, రంగుల్లో స్కాన్. నకలు 100 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి గ్రాముల బరువు) కాగితం మీద ప్రింటు తీసి ఆల్బమ్‌లో అది అతికించాలి. అసలుది కాగితపు కవర్లో పెట్టి చివరి అట్ట లోపలి జేబులోకి. ఇప్పటికే వెలిసిపోయిన వాటిని కూడా రంగుల్లోనే స్కాన్ చేసి, ఫోటో ఎడిటర్లో నీలం ఛానల్ ఒక్కటే తెరిచి కాంట్రాస్ట్ పెంచితే, పసుపుగా మిగిలిన అక్షరాలు కొన్నిసార్లు మళ్లీ కనిపిస్తాయి. చెప్పుల డబ్బాలోని 31 థర్మల్ కాగితాల్లో 19 ఇలా చదవగలిగేలా వచ్చాయి.

మైసూరు శాండల్ సబ్బు పైకాగితం, అగరబత్తుల పెట్టె ముక్క పేజీకి భలే అందం. కానీ వాటిలో ఇంకిన సుగంధ నూనె పక్క ఫోటోలోకి పాకి గోధుమ రంగు మచ్చ వేస్తుంది. వాటికి విడిగా ప్లాస్టిక్ జేబు ఉండాలి. జేబు కొనేటప్పుడు త్రికోణంలో 5 అంకె ఉంటే పాలీప్రొపిలీన్, అది పర్వాలేదు. 3 ఉంటే పీవీసీ, దాన్ని అక్కడే వదిలేయాలి. నొక్కి ఎండబెట్టిన మల్లెపూలు వద్దే వద్దు.

సింగపూర్ దగ్గర కాగితాల కరువు. మెట్రోకి కార్డే తప్ప కాగితం టిక్కెట్టు లేదు, పాస్‌పోర్టు మీద ముద్ర కూడా ఇప్పుడు వేయడం లేదు. ఆ 12 పేజీలకి చీటీలు, పటమే దిక్కు.

పుదుచ్చేరికి పటం గీయడం తేలిక. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత ఆన్‌లైన్ పటం నుంచి వైట్ టౌన్ (పాత ఫ్రెంచి పేట) భాగం ఏ4 మీద ప్రింటు తీసి, కిటికీ అద్దానికి ఆనించి, పైన 90 జీఎస్‌ఎం ట్రేసింగ్ కాగితం పెట్టి గీయడమే. సముద్రం వైపు నుంచి లోపలికి గూబెర్ అవెన్యూ, ర్యూ డ్యుమా, ర్యూ రొమాఁ రొలాఁ, ర్యూ సుఫ్రెన్, ఆ తర్వాత పాత కాలువ. గళ్లు కట్టినట్టున్న ఊరు కాబట్టి గంటలో అయిపోతుంది. కింది మూలలో యానాం కూడా చిన్న పెట్టె గీసి చేర్చాం. తెలుగు ఇంటి ఆల్బమ్‌లో పుదుచ్చేరి పటం ఉండి, అందులో భాగమైన యానాం లేకపోతే గోదావరి చుట్టాలు ఊరుకోరు.

నాలుగు, ఐదు వారాలు: కోత, కట్టు

250 జీఎస్‌ఎం ఐవరీ చార్టు, సైజు 22×28 అంగుళాలు. 22ని రెండుగా, 28ని మూడుగా కోస్తే ఒక చార్టుకి 11×9.33 అంగుళాల ఆకులు ఆరు, వృథా ఏమీ లేదు. 24 ఆకులకి నాలుగు చార్టులు. ఐదోది పట్టీలకి, ఆరోది చెడితే వాడటానికి. కోసే ముందు చార్టుని రెండు వైపులా వంచి చూడాలి. ఎటు తేలిగ్గా వంగితే మడత గీత వెంట నార ఉన్నట్టు. ఆ నార పుస్తకం వీపుకి సమాంతరంగా, అంటే 9.33 వైపు ఉండాలి. అడ్డంగా ఉంటే ఆకులు తెరిచినప్పుడు పడుకోవు, వానాకాలంలో అలలు తేలతాయి.

ఈసారి తప్పు జరిగింది పట్టీల లెక్కలో. ఫోటో మందం సుమారు 0.25 మి.మీ., ఆకుకి రెండు వైపులా అతికిస్తే అర మిల్లీమీటరు. వీపు దగ్గర ఆ మందం ఉండదు కాబట్టి అక్కడ ఒక అంగుళం వెడల్పు పట్టీలు ఆకుల మధ్య వేసి ఎత్తు సమం చేయాలి. మొదట ఆకుకి ఒక్క పట్టీ చొప్పున వేసి, 20 మి.మీ. స్క్రూ పోస్టులు (రంధ్రాల్లో దూర్చి ఆకుల్ని పట్టి ఉంచే మరమేకులు) బిగిస్తే సరిపోయింది: ఆకులు 7.2, పట్టీలు 7.2, అట్టలు రెండూ కలిపి 4, మొత్తం 18.4. ఫోటోలు అతికించాక పుస్తకం విసనకర్రలా నోరు తెరిచింది. పట్టీ ఒక్కటి 0.3 మి.మీ. మాత్రమే మరి. ఆకుకి రెండు చొప్పున 48 వేస్తే మొత్తం 25.6. పోస్టుకి 5 మి.మీ. ఎక్స్‌టెన్షన్ తగిలించినా 25 దగ్గరే ఆగుతుంది. చీటీలు మాత్రమే ఉన్న రెండు ఆకుల దగ్గర ఒక్కో పట్టీ తీసేస్తే లెక్క కుదిరింది.

రంధ్రాలు మూడు: పై అంచు నుంచి 30, 117, 205 మి.మీ. దగ్గర, వీపు అంచు నుంచి 12 మి.మీ. లోపలికి. ఆకు వంగడానికి వీపు నుంచి 28 మి.మీ. దగ్గర మొద్దు కత్తి వీపుతో గీటు పెట్టాలి, కాగితం తెగకూడదు. ఫోటోలు 40 మి.మీ. తర్వాతే మొదలు. 4×6 ప్రింట్లు రెండు అడ్డంగా ఒకదాని కింద ఒకటి పెడితే పక్కన 87 మి.మీ. నిలువు ఖాళీ మిగులుతుంది, టిక్కెట్లు అందులోకే. ఫోటోలకి జిగురు వద్దు, మూలల క్లిప్పులు చాలు. రేపు మంచి ప్రింటు వస్తే మార్చుకోవచ్చు.

అట్టకి 2 మి.మీ. గ్రే బోర్డు, పైన మంగళగిరి నూలు గుడ్డ. గుడ్డని తిన్నగా బోర్డు మీద అతికిస్తే జిగురు నేత సందుల్లోంచి పైకి కారి తెల్ల మచ్చలు పడతాయి. ముందు పల్చటి కాగితం వెనక అతికించి ఒక రోజు ఆరనివ్వాలి. ఫెవికాల్ రకం తెల్ల జిగురు మూడు వంతులు, ఉడికించి చల్లార్చిన మైదా జిగురు ఒక వంతు కలిపితే ఆరేలోపు సర్దుకోవడానికి నాలుగు నిమిషాలు దొరుకుతుంది. మైదాకి పురుగు పడుతుంది కాబట్టి బైండర్లు అందులో చిటికెడు మైలుతుత్తం వేస్తారు. అది విషం, పిల్లలున్న ఇంట్లో మైదా మానేసి తెల్ల జిగురులోనే కొంచెం నీళ్లు కలుపుకోవడం మేలు. అంచుల మడత 18 మి.మీ., మూలల దగ్గర బోర్డు నుంచి 3 మి.మీ. వదిలి ఏటవాలుగా కోత. లోపలి వైపు పుదుచ్చేరి ఆశ్రమం చేతికాగితం అతికించాకే అట్ట నిటారైంది. అంతవరకు గుడ్డ లాగుడికి బయటికి వంగిపోయి ఉంది. ఇటుకల కింద 24 గంటలు పెట్టాం. తొందరపడి పన్నెండు గంటలకే తీస్తే మళ్లీ వంగుతుంది.

మిగిలింది సింగపూర్ మెట్రోలో వాడిన ఈజీ-లింక్ కార్డు. 0.8 మి.మీ. మందం, ప్లాస్టిక్, ఫోటోకి తగలకూడదు. చివరి ఆకుకి కాగితపు జేబు అతికించి అందులో పెట్టాలి. ఆ ఆకు దగ్గర పట్టీలు మూడు కావాలి, కాబట్టి ఇంకెక్కడో ఒకటి తీయాలి. పుదుచ్చేరి పటం ఉన్న ఆకు దగ్గర తీస్తే సరిపోతుంది.