ఒకే బెంచీ మీద ఇద్దరు ఏజెంట్లు

2024 మే 11, శనివారం రాత్రి హైదరాబాద్‌లో బయలుదేరిన మాకు చౌటుప్పల్ దగ్గరి పంతంగి టోల్‌గేటు దాటడానికే గంటకు పైగా పట్టింది. సోమవారం పోలింగు. ఆంధ్రప్రదేశ్‌లో 175 అసెంబ్లీ స్థానాలకూ 25 లోక్‌సభ స్థానాలకూ ఒకే రోజు ఓటు వేయవలసి ఉండడంతో, సంక్రాంతికి కూడా ఊరి ముఖం చూడనివాళ్ళు ఆ రోడ్డు మీద బారులు తీరి ఉన్నారు. పల్నాడులోని మా ఊరు దగ్గరపడేకొద్దీ నాకు ఎవరు గెలుస్తారన్న ఆలోచన కంటే, ఇంట్లో ఏ మాట తీస్తే ఏ గొడవ లేస్తుందోనన్న బెంగే ఎక్కువైంది.

బాబాయిది సైకిలు, మా అక్క భర్తది ఫ్యాను. ఇద్దరి పొలాలకూ మధ్య ఉన్నది ఒక్క గట్టే. ఏడాదిగా ఇద్దరికీ మాటల్లేవు. నీటి వంతు సంగతైనా అక్క ద్వారానే కబురు నడిచేది. ఇందులో నా పాలు కూడా కొంత ఉంది. ఎన్నికలకు నెల ముందు, బాబాయి పార్టీవాళ్ళు ఎవరినో కొడుతున్నారంటూ వచ్చిన వీడియోను చూసుకోకుండా మా కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అది ఎప్పుడో, వేరే రాష్ట్రంలో తీసినదని రెండు రోజుల తరువాత తెలిసింది. గుట్టుచప్పుడు కాకుండా తీసేసి, పని అయిపోయిందనుకున్నాను. ఇంటికి వెళ్ళగానే బాబాయి తిట్టలేదు. “నువ్వు కూడానా రా” అని మాత్రం అన్నాడు. పదిమందిలో పెట్టిన తప్పును పదిమందిలోనే ఒప్పుకోవాలని అప్పటికి గాని నాకు తట్టలేదు. ఆ రాత్రే గ్రూపులో రాశాను.

సోమవారం ఉదయం ఆ మామా అల్లుళ్ళిద్దరూ మా ఊరి బడిలో ఒకే బూత్‌కు ఏజెంట్లుగా కూర్చున్నారు. పోలింగు ఏడింటికి మొదలవుతుంది కానీ ఏజెంట్లు ఐదున్నరకే మాక్ పోల్‌కు హాజరు కావాలి. వాళ్ళ చేత కనీసం యాభై ఓట్లు వేయించి, లెక్క సరిపోయిందని చూపించి, యంత్రంలోని అంకెలను చెరిపేసి, వీవీప్యాట్ (పడిన ఓటును చీటీగా చూపే యంత్రం) చీటీలను నల్ల కవరులో పెట్టి సీలు వేస్తారు. ఆకుపచ్చ కాగితపు సీలు మీద ఏజెంట్లు సంతకాలు చేస్తారు. ఆ కాగితం మీద బాబాయి సంతకం కిందే బావ సంతకం పడింది. నేను ఓటుకు వెళ్ళేసరికి ఒక వృద్ధురాలి ముఖం జాబితాలోని ఫొటోతో సరిపోక పోలింగు అధికారి తటపటాయిస్తున్నాడు. “మా ఊరావిడే, కాన్పులకు మంత్రసానిగా వచ్చేది” అని బావ అంటే, “అవును, వీణ్ణి కూడా ఆవిడే చూసింది” అన్నాడు బాబాయి నన్ను చూపిస్తూ. ఏడాది తరువాత ఒకరి మాటను ఒకరు అందుకోవడం అదే మొదలు.

బయట మాత్రం ఆ రోజూ, ఆ మర్నాడూ పల్నాడులో, తిరుపతిలో, తాడిపత్రిలో తలలు పగిలాయి. ఎన్నికల సంఘం రాష్ట్ర ప్రధాన కార్యదర్శినీ డీజీపీనీ ఢిల్లీకి పిలిపించి సంజాయిషీ అడిగింది. దర్యాప్తుకు ప్రత్యేక బృందం (సిట్) ఏర్పాటైంది. ఎదుటివాడి కళ్ళముందే ప్రతి లెక్కా సరిచూసుకునే ఏర్పాటు ఉన్న గదిలో కుదిరిన మర్యాద, ఆ గది గుమ్మం దాటగానే ఎందుకు కరిగిపోతుందన్న ప్రశ్న నన్ను చాలాకాలం వదలలేదు.

ఫలితాల అంకెలు చూస్తే ఒక విషయం కనబడుతుంది. 2019లో 23 సీట్లకు పడిపోయిన తెలుగుదేశానికి 39 శాతానికి పైగా ఓట్లు వచ్చాయి; 2024లో 11 సీట్లకు పడిపోయిన వైఎస్సార్ కాంగ్రెస్‌కూ 39 శాతానికి పైగానే వచ్చాయి. అంటే సీట్ల పట్టికలో తుడిచిపెట్టుకుపోయినట్టు కనబడే పక్షానికి ఓటేసినవారు రాష్ట్రం మొత్తం మీద ప్రతి పదిమందిలో నలుగురికి కాస్త తక్కువ. వాళ్ళెవరూ ఊరు విడిచి పోరు. అదే కాలువ కింద, అదే రేషన్ షాపు దగ్గర ఉంటారు.

ఇంట్లో రాజకీయాలు మాట్లాడకూడదన్న నియమం చాలామంది పెట్టుకుంటారు. పండగ నాలుగు రోజులకు అది పనికొస్తుందేమో గాని, ఆ తరువాత మౌనమే పగగా ముదురుతుంది. “అందరూ దొంగలే, వదిలెయ్యండి” అనే సర్దుబాటు నాకు అంతకంటే నచ్చదు. అది ఇద్దరి నమ్మకాన్నీ ఒకేసారి అవమానిస్తుంది. పార్టీ పేరు ఎత్తకుండా ఫలానా పని ఎక్కడ ఆగిందని అడిగితే మాత్రం మాట కదులుతుంది. ఇది నేను కనిపెట్టినది కాదు, మా అక్క చేసినది.

ఎన్నికల ముందు మా ఇంట్లో అన్నిటికంటే పెద్ద గొడవ భూహక్కుల చట్టం మీద నడిచింది. అది భూములు లాక్కోవడానికే అని బాబాయి, రికార్డులు బాగుపడడానికే అని బావ. ఇద్దరిలో ఎవరూ ఆ చట్టాన్ని చదవలేదు. నేనూ చదవకుండానే వాదించాను. కొత్త ప్రభుత్వం వచ్చాక చట్టం రద్దయింది, పాస్‌పుస్తకాల మీద పాత ముఖ్యమంత్రి బొమ్మ పోయి రాజముద్ర వచ్చింది. భూముల రీసర్వేలో తగ్గిన విస్తీర్ణం మాత్రం అలాగే ఉండిపోయింది. బాబాయికి ఆరు సెంట్లు, బావకు నాలుగు. ఎవరి మటుకు వారు ఎదుటివాడే గట్టు జరిపించాడనుకుంటున్నారు. అక్క రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి, ఇద్దరికీ తగ్గితే ఆ భూమి ఎటు పోయిందని అడిగింది.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు వసారాలో పాత టిప్పన్ నకలు, అంటే గొలుసుతో కొలిచి గీసిన పొలం పటం, పరచి ఉంది. బాబాయి కళ్ళజోడు సరిచేసుకుంటూ వేలితో గీత చూపిస్తుంటే, బావ కొలతలు చదువుతున్నాడు. రెవెన్యూ సదస్సులో ఇద్దరూ కలిసి ఒకే అర్జీ ఇచ్చారట. సర్వేయరు ఇంకా రాలేదు. మధ్యలో టీవీలో వార్తలు మొదలయ్యాయి. ఎవరి నాయకుడు కనబడ్డాడో గాని, ఇద్దరూ ఒక్కసారి తలెత్తి చూశారు. బావ ఏదో అనబోయాడు.

“ముందు ఆ గొలుసు లెక్క చెప్పవయ్యా” అన్నాడు బాబాయి.