గణాంకశాస్త్రం పక్కన నీతిశాస్త్రం: నా అనుభవం

గణాంకశాస్త్రంలో డిగ్రీ చదువుతూ, రెండో సంవత్సరంలో నీతిశాస్త్రాన్ని అనుబంధ విషయంగా తీసుకున్నాను. ఒకే జవాబు వచ్చే లెక్కలకు అలవాటుపడినందువల్ల, ఇక్కడ కూడా సూత్రం పట్టుబడితే సమాధానం దానంతట అదే వస్తుందని నమ్మాను. నమోదు పనులు వారంలో ముగిశాయి. అసలు కష్టం మొదటి వ్యాసంతో మొదలైంది.

1967లో బ్రిటిష్ తత్వవేత్త ఫిలిప్పా ఫుట్ చర్చకు తెచ్చిన ట్రామ్ సమస్య మీద ఆ వ్యాసం రాయాలి. అదుపు తప్పిన ట్రామ్ ఐదుగురి మీదికి దూసుకుపోతున్నప్పుడు, ఒక్కరే ఉన్న మరో దారికి దానిని మళ్లించవచ్చా అన్నది ప్రశ్న. ఒకటి కంటే ఐదు ఎక్కువ కనుక మళ్లించాల్సిందేనని అరపేజీలో తేల్చేశాను. మా అధ్యాపకురాలు మార్జిన్‌లో పెన్సిల్‌తో ఒక్క వాక్యం రాసి తిరిగి ఇచ్చారు: "అలాగైతే ఐదుగురు రోగుల కోసం ఆరోగ్యవంతుడైన ఒకరిని చంపి అవయవాలు తీయవచ్చా?" తీయకూడదని నాకు తెలుసు, ఎందుకు తీయకూడదో రెండు రోజులు కూర్చున్నా రాయలేకపోయాను. ఫలితాలను బట్టి మంచిచెడులను తూచే తత్వవేత్త మిల్ వాదమూ, మనిషిని కేవలం సాధనంగా వాడుకోరాదనే మరో తత్వవేత్త కాంట్ వాదమూ ఆ అవస్థ పడ్డాకనే నాకు నిజంగా తలకెక్కాయి.

నన్ను ఎక్కువగా కదిలించింది మాత్రం టస్కీగీ అధ్యయనం. 1932 నుంచి 1972 వరకు అమెరికా ప్రజారోగ్య సేవా విభాగం, సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉన్న 399 మంది నల్లజాతి పురుషులకు వారి జబ్బేమిటో చెప్పకుండా, దానిని నయం చేసే పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా ఇవ్వకుండా, వ్యాధి ఎలా ముదురుతుందో గమనిస్తూ వచ్చింది. తరగతిలో నోట్సు రాసుకుంటూ అలవాటు కొద్దీ "నమూనా పరిమాణం 399" అని రాశాను. కాసేపటికి ఆ మాట నాకే చదవబుద్ధి కాలేదు. కొట్టేసి "399 మంది" అని దిద్దుకున్నాను. మనుషులపై చేసే పరిశోధనల్లో పాటించాల్సిన నీతి గురించి అమెరికాలో వచ్చిన 1979 నాటి బెల్మాంట్ నివేదిక చెప్పిన మూడు సూత్రాలలో, అంటే వ్యక్తుల పట్ల గౌరవం, మేలు చేయడం, న్యాయం అనే వాటిలో, మూడోదానిని మా గణాంక పాఠాలు ఎన్నడూ ప్రస్తావించకపోవడం పెద్ద లోటని ఇప్పటికీ అనుకుంటాను.

చివరి సంవత్సరం ప్రాజెక్టులో మేము సర్వే చేయవలసి వచ్చింది. "మీ వివరాలు పరిశోధనకు వాడతాం" అన్న ఒక్క ముక్కతో ఉన్న సమ్మతి పత్రాన్ని నేను తిరగరాశాను: ఏ వివరాలు, ఎందుకు, ఎంతకాలం ఉంచుతామో, ఎప్పుడైనా వద్దనుకునే హక్కు ఎలా వాడుకోవాలో మామూలు మాటల్లో పెట్టాను. విశ్లేషణ దాదాపు పూర్తయ్యాక ఒకరు తమ వివరాలు వద్దన్నారు. ఆ వరుసను తీసేసి, లెక్కలన్నీ మొదటి నుంచి మళ్లీ చేశాం.