30 మిల్లీ యాంపియర్లు

నేను అమెరికాలో మెరీనాలు బాగుచేసే పనిలో ఉన్నానంటే, మద్రాసు మెరీనా బీచ్ లాంటిదేదో నాతో ఊడ్పిస్తున్నారని మా అమ్మ అనుమానం. ఇసుక కాదమ్మా, పడవల పార్కింగ్ అంటే "దానికి ఇంజనీరింగ్ చదవాలా?" అంటుంది. ఈసారి సెలవుకి హైదరాబాద్ వచ్చినప్పుడు నా పని గురించి అడగాల్సిన ప్రశ్న అడిగింది మా మేనమామ ఒక్కడే. ఆయన కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు.

లుంబినీ పార్కులో కూర్చున్నాం. చేతుల్లో మొక్కజొన్న కంకులు, ఎదురుగా బుద్ధుడు. 1990లో ఆ విగ్రహాన్ని తీసుకెళ్తున్న బార్జి ఒరిగి మనుషులతో సహా మునిగిపోవడం, రెండేళ్ళకు విగ్రహాన్ని పైకి తీసి 1992 డిసెంబర్‌లో నిలబెట్టడం మామయ్యకు నిన్నటి మాటలా గుర్తు. నీళ్ళమీద పని అంటే ఆయనకు అదే. అందుకే మొదట "ఈత వస్తదా నీకు?" అన్నాడు. రాదు. లైఫ్ జాకెట్ లేకుండా డాక్ మీద, అంటే పడవలు కట్టేసే తేలే దారి మీద, అడుగు పెట్టనివ్వరని చెప్పాను.

నేను పనిచేసింది సియాటిల్ పక్కన, లేక్ వాషింగ్టన్ ఒడ్డున. సముద్రంలో కలిసే దారిలో లాకులు కట్టి, నీటిమట్టం రెండడుగుల తేడాలోనే ఉండేలా చూస్తారు. 1916లో కాలువ తవ్వినప్పుడు సరస్సు దాదాపు తొమ్మిది అడుగులు దిగిపోయిందట. "మన ఎఫ్‌టీఎల్ లెక్కనేనా?" అన్నాడు మామయ్య, చెరువు నిండు నీటిమట్టం గురించి. వానాకాలంలో హుస్సేన్ సాగర్ 513.41 మీటర్లు దాటుతోందా అని రోజూ పేపర్లో చూసే మనిషి.

మెరీనా నగరపాలక సంస్థది. అంటే అందరిదీ. పాత డాకుల కింద తేలడానికి పెట్టినవి థర్మాకోల్ దిమ్మెలు, అవి చిట్లి తెల్లటి పూసలు సరస్సంతా తిరిగేవి. కొయ్య గుంజలకు పట్టించిన తారు నూనె వాసన మొదటిరోజే నన్ను ఎండాకాలం సికింద్రాబాద్ స్టేషన్‌లో నిలబెట్టింది. పాత రైలు పట్టాల కింది చెక్కదీ అదే వాసన. ఆ గుంజల్ని పెరికి ఉక్కు పైల్స్ దింపాం. పైన చెక్క బదులు జల్లెడలాంటి గ్రేటింగ్ వేశాం. డాక్ నీడ పడ్డ చీకట్లోకి రావడానికి సాల్మన్ చేపపిల్లలు జంకుతాయి, అందుకని వెలుతురు కిందికి దిగాలి. అక్కడి షినూక్ సాల్మన్ 1999 నుంచి రక్షిత జాబితాలో ఉంది. ఆ పిల్లలు సముద్రానికి వెళ్ళే వసంతం, వేసవి మొదట్లో నీళ్ళలో పని బంద్. కుక్కలు మాత్రం ఆ గ్రేటింగ్ మీద నడవనని మొండికేశాయి. అదీ ఒక ఫిర్యాదే, మీటింగ్ మినిట్స్‌లో నేనే రాశాను.

మీటింగుల గురించి చెప్పాలి. పడవల వాళ్ళు వస్తారు, పడవ లేని వాళ్ళూ వస్తారు. ఒకాయనకు బెంచీ కావాలి, ఒకామెకు చేపలు పట్టే చోటు కావాలి, ఇంకొకరు అసలు డబ్బున్నోళ్ళ పడవలకు మన నగరం ఎందుకు ఖర్చు పెట్టాలంటారు. పడవ అద్దెల నుంచే పెడుతున్నామని మా మేనేజర్ ప్రతిసారీ చెప్పేవాడు. నమ్మేవాళ్ళు కాదు. ఆ హాల్లో మెరీనాకు ఓనరు కానిది నేనొక్కడినే. వీసా మీద ఉన్నవాడిని, ఓటు లేదు, మాట్లాడే హక్కు ఉందో లేదో కూడా తెలియదు. మూలన కూర్చుని రాసుకోవడమే. నిజం చెప్పాలంటే మొదటి ఏడాది నాకా మీటింగులంటే ఒళ్ళు మంట. తర్వాత్తర్వాత వాటికోసం ఎదురుచూశాను. ఇంట్లో ఒక్కడినే ఉంటే ఎవరి గొడవైనా వినసొంపే.

అసలు గొడవ కరెంటుతో మొదలైంది. ఇక్కడ మామయ్య కంకి పక్కన పెట్టాడు.

కట్టేసిన పడవలకు డాక్ మీది పెట్టె నుంచి కేబుల్‌తో కరెంటు ఇస్తారు. లోపల ఫ్రిజ్, గీజర్, బ్యాటరీ చార్జర్ ఉంటాయి. ఏదైనా చెడి, పడవలో ఎర్త్ కూడా తెగి ఉంటే లీకైన కరెంటు నీళ్ళలోంచి ట్రాన్స్‌ఫార్మర్‌కి తిరిగి వెళ్తుంది. సముద్రం ఉప్పునీళ్ళు కాబట్టి చాలావరకు మనిషిని తప్పించుకుని పోతుంది. మంచినీళ్ళలో అలా కాదు, నీటికన్నా మన ఒళ్ళే మంచి దారి. కండరాలు బిగుసుకుపోతాయి. చచ్చిపోయేంత షాక్ కాకపోయినా ఈత వచ్చినవాడు కూడా మునిగిపోతాడు. అందుకే కొత్త పెట్టెల్లో 30 మిల్లీ యాంపియర్ల లీకేజి దాటితే కరెంటు ఆపేసి పడిపోయే బ్రేకర్లు పెట్టాం.

"మన ఇండ్లల్ల పెట్టేది గూడ ముప్పయ్యే కదరా," అన్నాడు మామయ్య.

స్విచ్ వేసిన రోజు ఒక్కొక్కటే పడిపోవడం మొదలైంది. ఫోన్లు ఆగలేదు. మీరు పెట్టిన డబ్బాలే చెత్తవి, పాతవే నయం అన్నారు. తప్పు నాదీ ఉంది. మార్చేముందే పడవలన్నీ టెస్ట్ చేద్దామని షెడ్యూల్‌లో రాసి, టైం లేదని నేనే కొట్టేశాను. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్రలేదు, ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి.

మర్నాడు టాంగ్ టెస్టర్, అంటే తీగ చుట్టూ దవడలా మూసుకుని కరెంటు కొలిచే మీటర్, పట్టుకుని బయల్దేరాం. మొత్తం కేబుల్‌ని దవడలో పెడితే వెళ్ళే కరెంటు, వచ్చే కరెంటు కొట్టేసుకుని సున్నా చూపించాలి, లేదంటే ఆ తేడా లీకేజీయే. మీటింగుల్లో అందరికన్నా గట్టిగా అరిచే పెద్దాయన ఒకడున్నాడు, నలభై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నాను, ఏమీ కాలేదు అనేవాడు. ఆయన పడవకి పరీక్ష కోసం కాసేపు కరెంటు ఇస్తే 0.4 చూపించింది. అంటే 400 మిల్లీ యాంపియర్లు. ఒక్కొక్కటే ఆపుతూ వెళ్తే గీజర్ దగ్గర అంకె సున్నాకి పడింది. ఆయన మీటర్ వంక చూడలేదు. డాక్ చివర నిచ్చెన వంక చూశాడు. వేసవిలో ఆయన మనవరాలు అక్కడినుంచే నీళ్ళలోకి దూకుతుందని పక్క పడవాయన తర్వాత చెప్పాడు.

థాంక్స్ అంటాడేమో అనుకున్నాను. "గీజర్ డబ్బులు నగరం ఇస్తుందా?" అన్నాడు.

మామయ్య చాలాసేపు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, చిలకలగూడ వెళ్ళేదాకా ఆటోలో ఏమీ మాట్లాడలేదు. ఇంటి ముందు దిగాక మెల్లగా చెప్పాడు. "మా ఇంట్ల గూడ ఆ బ్రేకర్ పడుతుండెరా. మాటిమాటికి పడుతున్నదని పోయిన చలికాలం దాన్ని తప్పించి డైరెక్ట్ చేసిన."

"ఎప్పుడు పడేది మామయ్యా?"

"గీజర్ వేసినప్పుడే."

లోపలికి వెళ్ళి మెయిన్ ఆపాడు. అటక మీది సంచిలోంచి తన పాత టాంగ్ టెస్టర్ తీశాడు. దవడ బాగానే తెరుచుకుంది, సెల్ అయిపోయింది. తొమ్మిది వోల్టుల సెల్ కోసం నేను మళ్ళీ చెప్పులేసుకున్నాను.