సంత రోజు, వాన

ఈరోజు ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లా కలిమెలలో సంత. వానలోనూ జనం తగ్గలేదు. దగ్గు మందు, ఓఆర్ఎస్ పొట్లాలు మధ్యాహ్నానికే అయిపోయాయి. రద్దీ సద్దుమణిగాక, నేను మౌసా (ఒడియాలో బాబాయి వరస) అని పిలిచే పెద్దాయన వచ్చి బల్ల మీద కూర్చుని, ఎప్పటిలాగే, "మా (అమ్మా), నిద్రమాత్ర ఒక్కటివ్వు" అన్నారు. డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వనని నేనూ ఎప్పటిలాగే అన్నాను. మామూలుగా అయితే విసురుగా వెళ్లిపోతారు. బయట వాన కాబట్టి కదల్లేదు.

ఒడియాలో మొదలుపెట్టి తెలుగులోకి దిగారు. 1964లో, ఏడేళ్ల వయసులో, తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చారట. ముందు రాయపూర్ దగ్గర మానా శిబిరం, తర్వాత కాందిశీకులకు పునరావాసం కల్పించే దండకారణ్య పథకం కింద మల్కన్‌గిరి. ఇక్కడ కాందిశీకుల ఊళ్లకు పేరు పెట్టే ఓపిక కూడా ఎవరికీ లేకపోయింది, ఎం.వి. (మల్కన్‌గిరి విలేజ్) అని రాసి పక్కన ఒక అంకె వేశారు, అంతే.

శిబిరంలో వాళ్లమ్మ మాట్లాడడం మానేసిందట. నాన్న అర్ధరాత్రి లేచి పిల్లల తలలు తడిమి లెక్కపెట్టేవాడు. ఆ చెయ్యి తగలగానే ఈయనకు మెలకువ వచ్చేది, కాసేపటికి పక్క తడిసేది. "ఆ భయం నాది కాదు మా, నాన్నది. నాకు అంటుకుంది" అన్నారు.

రెండో ప్రపంచయుద్ధకాలపు లండన్‌లో పిల్లల మనోవిశ్లేషకురాలు అన్నా ఫ్రాయిడ్ గమనించినదీ ఇలాంటిదే. బాంబుల మధ్య తల్లి పక్కనే ఉన్న పిల్లలకన్నా, క్షేమం కోసమని తల్లికి దూరంగా పంపిన పిల్లలే ఎక్కువ తల్లడిల్లారు. పిల్లలకు ధైర్యమైనా భయమైనా అమ్మానాన్నల నుంచే. అందుకే శరణార్థుల పిల్లలకు రంగు పెన్సిళ్లు పంచి చేతులు దులుపుకునేవాళ్లంటే నాకు చిరాకు. బొమ్మలు వేయించండి, కాదనను. ఆ తండ్రికి పని, తల్లికి కంటినిండా నిద్ర ఎవరు చూస్తారు?

మౌసా ఇల్లు కుదుటపడింది పొలం, ఎడ్లు చేతికొచ్చాకే. ఇరుగుపొరుగు ఆడవాళ్లు మరమరాలు వేయించడానికి పిలిస్తే అమ్మ నోరు విప్పింది, ఎవరినో తిట్టడానికే అయినా. నాన్న మాత్రం పోయేదాకా లెక్క మానలేదట.

మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీమానస్ నంబరు 14416 మందుల కవరు మీద రాసిచ్చాను. డబ్బులు పడవని, రాత్రివేళ కూడా పలుకుతారని చెప్పాను. బెంగాలీలో మాట్లాడతారా అని రెండుసార్లు అడిగి, కవరు మడిచి జేబులో పెట్టుకున్నారు. తనకు కాదట, తమ్ముడికట.

సరే, తమ్ముడికే అనుకుందాం.