మైనస్ 9 సైటు, నార్మల్ డెలివరీ

నాది మైనస్ 9 సైటు. ఏడో నెల చెకప్‌లో డ్యూటీ డాక్టర్ నా సోడాబుడ్డి కళ్ళద్దాలు చూడగానే, "ముక్కితే కంటి వెనకున్న రెటీనా పొర ఊడిపోతుంది. సిజేరియన్‌కి మానసికంగా సిద్ధంగా ఉండండి" అన్నారు. "కళ్ళతో చెలగాటం ఎందుకమ్మా, ఆపరేషనే చేయించుకో" అంది అత్తయ్య. కంట్లోకి చూడకుండా కళ్ళద్దాలను బట్టి కాన్పు నిర్ణయించడం నాకు నచ్చలేదు. పైగా కొన్నాళ్ళుగా చీకట్లో ఎడమకంటి మూల మెరుపులు కనిపిస్తున్నాయి. రెటీనా డాక్టర్ దగ్గరికి వెళ్ళాను.

కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి, తలకు లైటు పెట్టుకుని, రెప్పల మీద సన్నటి పరికరంతో నొక్కుతూ ఆయన అంచుల దాకా వెతికారు. ఎడమ కంట్లో, పొర పల్చబడ్డ చోట చిన్న చిరుగు దొరికింది. ఆ రోజే లేజర్ చేశారు. చుక్కల మందుతో కన్ను మొద్దుబారింది కానీ, ఒక్కో పచ్చటి మెరుపుకీ కంటి వెనకెక్కడో సూదితో పొడిచినట్టే ఉంది. నా చెయ్యి పొట్ట మీదే ఉంది. "ఈ వెలుగు కన్ను దాటి పోదమ్మా, బిడ్డకేం కాదు" అన్నారాయన. చిరుగు చుట్టూ మచ్చ గట్టిపడటానికి రెండు వారాలు పడుతుందన్నారు.

నా భయమంతా కాన్పు గురించే. ఆయన ఓపిగ్గా చెప్పారు. మామూలు కన్ను పొడవు దాదాపు 24 మిల్లీమీటర్లు. ఇంత సైటున్నవాళ్ళలో అది 26 కూడా దాటుతుంది, పొర సాగి పల్చబడుతుంది. కంట్లోని జెల్లీ పొరను లాగి చిరుగు పడితే, అందులోంచి నీరు వెనక్కి చేరి పొర ఊడుతుంది. ముక్కినప్పుడు పెరిగే ఒత్తిడి అన్ని వైపులా సమానంగా పడుతుంది, పొరను లాగదు. ఎక్కువ సైటున్న గర్భిణుల కళ్ళను కాన్పుకు ముందూ తర్వాతా పరీక్షించి చూసిన అధ్యయనాల్లో కూడా నార్మల్ డెలివరీ వల్ల పొర దెబ్బతిన్న దాఖలా లేదట. షుగర్ వల్ల కంట్లో కొత్త రక్తనాళాలు పుట్టినవాళ్ళ సంగతి వేరు. వాళ్ళ విషయం కంటి డాక్టరూ కాన్పు డాక్టరూ కలిసి తేల్చాలి.

"కంటి కారణంగా సిజేరియన్ అవసరం లేదు" అని ఆయన రాసిచ్చిన కాగితం ఫైల్లో పెట్టుకున్నాను. నా కాన్పు డాక్టర్ అది చదివి, బిడ్డ కోసం అవసరమైతేనే కోస్తానన్నారు. ఆ అవసరం రాలేదు. ముక్కమన్నప్పుడల్లా ముక్కాను, పాప పుట్టింది.

మర్నాడు కుడి కంటి తెల్లగుడ్డు ఎర్రగా ఉండటం చూసి అమ్మ హడలిపోయింది. పైపొర కింద సన్నటి రక్తనాళం చిట్లిందంతే, మందు లేకుండానే తగ్గింది. తర్వాత పరీక్షలో పొర రెండు కళ్ళలోనూ అతుక్కునే ఉంది, లేజర్ మచ్చలు గట్టిపడ్డాయి.

కాన్పు ఎలా జరిగినా కన్ను పొడవు తగ్గదు కాబట్టి, ఏటా చుక్కలు వేయించుకుని చూపించుకుంటున్నాను. మెరుపులు మళ్ళీ వచ్చినా, ఒక్కసారిగా నల్ల చుక్కలు రాలినా, చూపుకు పక్కనుంచి తెర అడ్డొచ్చినా అదే రోజు రమ్మన్నారు.